ఫ్రాంక్‌ఫర్ట్‌కి తొమ్మిది నెలల డెప్యుటేషన్: కుక్కర్, మిక్సీ తెచ్చుకోవచ్చా?

హైదరాబాద్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. కంపెనీ పని మీద తొమ్మిది నెలలకి ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నాను, ఒక్కడినే. నవంబరు 1న దిగుతాను. మిక్సీ, మూడు లీటర్ల అల్యూమినియం కుక్కర్ తెచ్చుకోవచ్చా? అక్కడి చలికి ఇడ్లీపిండి పులుస్తుందా? ఇవే నా సందేహాలు. మిగతావన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటామన్నారు.

మైన్ట్స్ నుంచి

కుక్కర్ సంగతి ఎవరో ఒకరు చెప్తారు గానీ, "మిగతావన్నీ కంపెనీ చూసుకుంటుంది" అన్న ధీమా మాత్రం పెట్టుకోకండి. కంపెనీ ఇల్లు చూపిస్తుంది, లెటర్‌బాక్స్ మీద మీ పేరు అంటించదు. ఇక్కడ టాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, వేరే రోజు. అపార్ట్‌మెంట్లకి మనలాగా ఫ్లాట్ నంబర్లు మామూలుగా ఉండవు, పేరే ఆనవాలు. డబ్బా మీద పేరు కనపడకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా అలాగే పూర్తిగా రాయండి. మనవాళ్లు ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించి, పెట్టిన పేరు పెద్దగా రాసి అంటిస్తారు. ఆఫీసుల కవర్ల మీదేమో ఇంటిపేరే ఉంటుంది. ఇంక పోస్ట్‌మ్యాన్‌కి ఏం తెలుస్తుంది?

రెండోది ఆన్‌మెల్డుంగ్. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. అద్దె అగ్రిమెంటు చూపిస్తే కుదరదు. వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అని ఓనరు సంతకం పెట్టిన ఒక పేజీ కాగితం కావాలి. తాళాలు తీసుకునే రోజే అది కూడా చేతిలో పెట్టించుకోండి. కంపెనీ గెస్ట్‌హౌస్ అయితే ఆ కాగితం ఇస్తారో లేదో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. అపాయింట్‌మెంటు కూడా అక్కణ్ణుంచే ఆన్‌లైన్‌లో పట్టుకోండి.

కొలోన్ నుంచి

బయటి దేశం నుంచి మూడు నెలల లోపు ఉండి పోయేవాళ్లకి ఆన్‌మెల్డుంగ్ అక్కర్లేదండీ. అందరినీ ఊరికే బెదరగొట్టకండి.

మైన్ట్స్ నుంచి

ఆయన తొమ్మిది నెలలని మొదటి వాక్యంలోనే రాశారు సార్.

ఎర్లాంగెన్ నుంచి

తమ్మీ, అడిగినదానికి ఒక్కరూ చెప్తలేరు. మిక్సీ తెచ్చుకో. మనకూ వీళ్లకూ కరెంటు ఒక్కటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ గిట్ల ఏం అక్కరలేదు, ప్లగ్గే వేరే. ఎయిర్‌పోర్టుల దొరికే ట్రావెల్ అడాప్టర్ ఫోన్‌కు సరిపోతది, 750 వాట్ల మిక్సీకి నమ్మొద్దు. శానా వాటికి ఎర్త్ ఉండదు, పిన్నులు వదులై వేడెక్కుతయి. బావ్‌మార్క్ట్‌ల, అంటే ఇంటి రిపేరు సామాన్ల షాపుల, షూకో ప్లగ్ (ఇక్కడి ఎర్త్ ఉన్న ప్లగ్) కొనుక్కొని, పాతది కోసేసి ఇదే బిగించుకో. గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు-పచ్చ చారలది ఎర్త్. మన పాత వైర్లల్ల ఎరుపు, నలుపు, పచ్చ ఉంటయి, వరుస గదే. చేతకాకుంటే తెలిసినోళ్లతో చేయించు.

కుక్కర్‌కు ముందు పొయ్యి ఏందో ఓనర్‌ను అడుగు. పైన అద్దం లెక్క నల్లగ ఉన్నదంటే అది ఇండక్షన్ అన్న కావచ్చు, సెరాన్ (అద్దం కింద కాయిల్ వేడెక్కే మామూలు కరెంటు పొయ్యి) అన్న కావచ్చు. రెండూ చూస్తందుకు ఒక్క తీరుగనే ఉంటయి. సెరాన్ మీద అల్యూమినియం నడుస్తది, అడుగు సమంగ ఉండాలె. ఇండక్షన్ మీద అసలు వేడే ఎక్కదు. ఫ్రిజ్ మాగ్నెట్ కుక్కర్ అడుగుకు అంటుకుంటే తెచ్చుకో, అంటుకోకుంటే ఇండక్షన్ అడుగున్న స్టీల్‌ది కొను. గ్యాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకో.

పిండి సంగతి: 20 డిగ్రీల గదిల రాత్రికి రాత్రి పులవదు. ఓవెన్ల పెట్టి లోపల లైటు ఒక్కటి ఏసి తలుపు మూసెయ్. వేడి మాత్రం తిప్పకు, శానా ఓవెన్లు 50 నుంచే మొదలైతయి, గంతల పిండి అంచులు ఉడికిపోతయి. ఇగ పొద్దుగాల లేచి ఆదివారం మిక్సీ ఎయ్యకు.

డ్యూసెల్డార్ఫ్ నుంచి

ఆదివారం ఒక్కటే కాదు, రోజూ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా కూడా మోత చేయకూడదు. దేశమంతా చట్టం.

ఎర్లాంగెన్ నుంచి

రాత్రిది అంతటా పాటిస్తరు, సరే. మధ్యాహ్నంది దేశమంతటికీ చట్టం కాదన్నా. బిల్డింగ్ హౌస్ఓర్డ్నుంగ్‌ల, అంటే ఆ బిల్డింగ్ రూల్స్‌ల, రాసి ఉంటే ఉంటది, కొన్ని ఊర్లల్ల సొంత రూల్ ఉంటది. మెట్ల కాడ అంటించిన కాగితం చూసుకుంటే ఒడిసిపాయె.

స్టుట్‌గార్ట్ నుంచి

పిండి పులుస్తుంది సరే, ఆ ఇడ్లీ ఆవిరి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు. నవంబరులో వచ్చేవాళ్లకి అసలు చెప్పాల్సింది అదే. మా బిల్డింగులో కింది అంతస్తులో ఒక తెలుగు జంట ఉండేవారు. రోజూ వంట, బట్టలు పడగ్గదిలో స్టాండ్ మీద ఆరబెట్టడం, చలని కిటికీలన్నీ బిగించెయ్యడం, బిల్లు భయంతో రాత్రి హీటర్ పూర్తిగా ఆపెయ్యడం. వార్డ్‌రోబ్ బయటి గోడకి ఆనించి ఉంది. ఫిబ్రవరిలో జరిపి చూస్తే గోడ మూల పైనుంచి కిందిదాకా నల్లటి బూజు. దాన్ని తుడిచి, తెల్లరంగు పూసి ఊరుకున్నారు. ఓనరుకి చెప్పలేదు. ఖాళీ చేసే రోజున ఓనరు వచ్చి గోడ గీకి చూపించి, బూజు ట్రీట్‌మెంటు, మళ్లీ పెయింటింగు అంటూ మొత్తం డిపాజిట్ ఆపేశాడు. గోడలోనే లోపం ఉందని వీళ్లు వాదించారు. ఉండొచ్చు కూడా. కానీ దిగినప్పుడు తీసిన ఫొటోల్లేవు, ఊబర్‌గాబె ప్రోటోకాల్ (ఇల్లు అప్పగించేటప్పుడు దాని స్థితి రాసుకునే కాగితం) లేదు, బూజు కనబడ్డాక రాసిన ఉత్తరం లేదు. లోపం కనబడగానే ఓనరుకి తెలియజెయ్యడం అద్దెదారు బాధ్యత. చివరికి మీటర్‌ఫెరైన్ అనే అద్దెదారుల సంఘంలో చేరి ఉత్తరాలు రాయిస్తే కొంత వెనక్కి వచ్చింది, అప్పటికి వాళ్లు విజయవాడలో ఉన్నారు.

ఎందుకు పడుతుందంటే: గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు గోడ మూల 12, 13 డిగ్రీలకి పడిపోతే చాలు, బూజు మొదలవుతుంది. అందుకని హీటర్ మీట 3 మీద ఉంచండి, అంటే సుమారు 20 డిగ్రీలు. వార్డ్‌రోబ్‌కీ బయటి గోడకీ మధ్య ఒక అరచెయ్యి దూరం వదలండి. రోజుకి మూడు నాలుగు సార్లు హీటర్ ఆపి, కిటికీలు బార్లా తీసి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. కిటికీని పైన కాస్త వాల్చి రోజంతా వదిలేస్తే గాలి మారదు, పైగోడ చల్లబడి బూజు అక్కడే పడుతుంది. బయట వాన పడుతున్నా తియ్యండి. చల్లగాలిలో ఉండే తేమ తక్కువ, లోపలికొచ్చి వేడెక్కాక పొడిగా అయిపోతుంది. పొయ్యి మీద చిమ్నీ ఉంది కదా అనుకోవద్దు, అద్దె ఇళ్లలో చాలావరకు బొగ్గు ఫిల్టరుతో గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే రకం. వాసన తగ్గిస్తుంది, ఆవిరిని బయటికి పంపదు. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి, 60 దాటితే కిటికీ తియ్యండి.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె (హీటింగు వగైరా ఖర్చులు కలపని అద్దె) మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. తిరిగి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఇక్కడి బ్యాంకు ఖాతా మూసెయ్యకండి.

కొలోన్ నుంచి

రేడియో-టీవీ ఫీజు ఉత్తరం కూడా వస్తుంది, నెలకి 18 యూరోల పైనే. టీవీ లేదని రాసి పంపితే సరిపోతుంది.

స్టుట్‌గార్ట్ నుంచి

ఆ రోజులు పోయాయండీ. 2013 నుంచి టీవీ ఉన్నా లేకున్నా ఇంటికింత అని కట్టాల్సిందే. ఊరుకుంటే వాళ్లే నమోదు చేసి బిల్లు పంపుతారు. రూమ్మేటు ముందే కడుతుంటే అతని ఫీజు ఖాతా నంబరు రాసి పంపండి, ఇంటికి ఒక్క ఫీజే.

మైన్ట్స్ నుంచి

అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు అది గడువు పెట్టిందా, గడువు లేనిదా చూసుకోండి. గడువు పెట్టింది అయితే మామూలుగా మధ్యలో వదిలి పోలేరు. గడువు లేనిదైతే మూడు నెలల నోటీసు, నెలలో మూడో పనిదినం లోపు ఓనరుకి అందాలి. కాగితం మీద పెన్నుతో సంతకం ఉండాలి, ఈమెయిల్ చెల్లదు. ప్రాజెక్టు ముందే అయిపోతే ఆ అద్దె ఎవరు కడతారో కంపెనీతో తేల్చుకోండి. ఈపీఎఫ్‌వో నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకోమని కూడా చెప్పండి, లేకపోతే పెన్షన్ కోత ఇక్కడ కూడా పడొచ్చు.

హైదరాబాద్ నుంచి

చాలా థాంక్సండీ. మాగ్నెట్ అంటుకోలేదు, కుక్కర్ మానేస్తున్నాను. అమ్మ నెయ్యి, పాలకోవా ఇస్తానంటోంది, పర్వాలేదా?

ఎర్లాంగెన్ నుంచి

వద్దు తమ్మీ. పాలతో చేసినవి యూరప్ బయటినుంచి తేనియ్యరు. ఆవకాయ, కందిపొడి తెచ్చుకో, ఆవకాయ చెకిన్ పెట్టెలనే.

డ్యూసెల్డార్ఫ్ నుంచి

నవంబరు 1 సెలవు కదా, షాపులన్నీ మూత.

మైన్ట్స్ నుంచి

మీకూ మాకూ సెలవు. ఫ్రాంక్‌ఫర్ట్ హెస్సెన్ రాష్ట్రంలో ఉంది, వాళ్లకి ఆ సెలవు లేదు.

ఎర్లాంగెన్ నుంచి

2026ల నవంబరు 1 ఆదివారమే కదన్నా, సెలవు ఉన్నా లేకున్నా మూతే. తమ్మీ, ఎయిర్‌పోర్టుల సూపర్‌మార్కెట్ ఆదివారం కూడ తెరిచే ఉంటది. పాలు, బ్రెడ్డు, గుడ్లు, సోమవారం దాక సరిపోయేటట్టు అక్కడనే కొనుక్కొని రైలెక్కు.