తీసిస్‌ను పేపర్‌గా మార్చి పంపితే టెక్నికల్ చెక్‌లోనే వెనక్కి వచ్చింది – ముందు ఏది సరిచేయాలి?

గుంటూరు_పల్మో_పీజీ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, తొడిమలు తీసే మహిళా కూలీల ఊపిరితిత్తుల పనితీరు మీద చేసిన ఎండీ తీసిస్‌ను ఒరిజినల్ ఆర్టికల్‌గా మార్చాను. క్రాస్ సెక్షనల్ స్టడీ (అందరినీ ఒక్కసారి మాత్రమే పరీక్షించేది), అందరికీ స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేశాం. జర్నల్ పరిమితి 3000 పదాలు, అబ్‌స్ట్రాక్ట్ 250. పంపిన నాలుగో రోజుకే, రివ్యూయర్ల దాకా పోకుండానే వెనక్కి వచ్చింది. మెయిల్‌లో చెప్పినవి: బ్లైండెడ్ ఫైల్‌లో (రచయితలెవరో రివ్యూయర్లకు తెలియకుండా పంపే కాపీలో) సంస్థ వివరాలు కనిపిస్తున్నాయి, స్ట్రోబ్ చెక్‌లిస్టు (ఇలాంటి స్టడీ పేపర్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) లేదు, బొమ్మల రిజల్యూషన్ చాలదు, అబ్‌స్ట్రాక్ట్‌లో అంకెలు టేబుళ్లతో కలవడం లేదు, రెఫరెన్సులు వ్యాంకోవర్ పద్ధతిలో (వచనంలో వచ్చిన వరుసలో నంబర్లు ఇచ్చే పద్ధతి) లేవు.

ఏ వరుసలో సరిచేసుకోవాలి? ఇంకో సందేహం: గైడ్, కో-గైడ్ సరే, హెచ్‌ఓడీ గారి పేరు, లెక్కలు చూసిపెట్టిన స్టాటిస్టిషియన్ గారి పేరు ఎక్కడ రావాలి?

---

బెజవాడ_ఎస్‌పీఎం

డాక్టర్ గారూ, ఆ ఐదింటిలో నాలుగు ఒక్క సాయంత్రం పని. అంకెలు కలవకపోవడం మాత్రం అలాంటిది కాదు, ముందు దాని సంగతి చూడండి. మిగతావి ఫార్మాటింగ్ లోపాలు. ఇది డేటా మీదే అనుమానం తెచ్చేది.

ఎక్కువసార్లు ఇది భాగహారంలో జరుగుతుంది. లెక్క కోసం, 186 మందిని చేర్చుకున్నారు, 9 మంది సరిగా ఊదలేకపోయారు, 177 మందిని విశ్లేషించారు అనుకుందాం. అందులో 61 మందికి ఎఫ్‌ఈవీ1/ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఊదిన భాగం) తగ్గింది. 177తో భాగిస్తే 34.5 శాతం, 186తో భాగిస్తే 32.8. తీసిస్ మొదటి డ్రాఫ్టులో ఒకటి, చివరి టేబుల్‌లో ఇంకొకటి ఉండిపోతాయి. అబ్‌స్ట్రాక్ట్ ఏమో పాత డ్రాఫ్టు నుంచి కాపీ అవుతుంది. అంకెలు కలవవంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకని టేబుళ్లు ముందు ఖాయం చేయండి. ఆ తర్వాత ఫలితాలు టేబుళ్లను చూస్తూ రాయండి, అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర రాయండి. రాశాక మాన్యుస్క్రిప్టును ప్రింట్ తీసి, అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న ప్రతి అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అది ఏ టేబుల్‌లో ఏ గడిలో ఉందో పక్కన రాయండి. గడి దొరకని అంకె అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండకూడదు. శాతం రాసిన ప్రతి చోటా 61/177 అని లవం, హారం రెండూ ఇవ్వండి, చదివేవాళ్లే లెక్క సరిచూసుకుంటారు.

ఇక స్ట్రోబ్. మొత్తం 22 అంశాలు. పీజీ పేపర్లలో తరచూ ఖాళీగా ఉండేవి మూడు: 9వది బయాస్, 10వది శాంపిల్ సైజు, 13వది ఎంతమంది వచ్చారు, ఎక్కడెక్కడ తగ్గారు అనేది. మీ స్టడీకి 9వ అంశం చాలా ముఖ్యం. దగ్గు, ఆయాసం భరించలేనివాళ్లు యార్డు పని ఎప్పుడో మానేసి ఉంటారు, మీకు దొరికినవాళ్లు కాస్త గట్టివాళ్లు. దాన్నే హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటారు. లిమిటేషన్స్‌లో దాన్ని స్పష్టంగా రాయండి, రివ్యూయర్ ఆ మాట కోసమే వెతుకుతారు. చెక్‌లిస్టులో పేజీ నంబర్లు ఫైలు పూర్తయ్యాకే నింపండి. ఒక టేబుల్ జరిగినా అన్నీ మారిపోతాయి. పేజీకి బదులు ‘మెథడ్స్, 3వ పేరా’ అని రాస్తే ఆ బాధ ఉండదు.

తీసిస్ ఇంట్రడక్షన్ ఇరవై పేజీలు ఉంటుంది. పేపర్‌లో మూడు పేరాలు చాలు: సమస్య ఏమిటి, ఇప్పటిదాకా తెలియనిది ఏమిటి, మీ ఉద్దేశం ఏమిటి. మిరప చరిత్ర, ఊపిరితిత్తుల అనాటమీ తీసేయండి. మిగిలిన పదాలు మెథడ్స్‌కి ఖర్చుపెట్టండి. స్పైరోమీటర్ కంపెనీ, మోడల్, 3 లీటర్ల సిరంజితో రోజూ క్యాలిబ్రేషన్ సరిచూశారా, ఏ ప్రెడిక్షన్ ఈక్వేషన్ (వయసు, ఎత్తు లాంటివాటిని బట్టి ఉండాల్సిన విలువ చెప్పే సూత్రం) వాడారు, మూడు ఆమోదయోగ్యమైన బ్లోలు వచ్చాయా, అందులో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలో ఉన్నాయా అన్నవన్నీ ఉండాలి. ప్రెడిక్షన్ ఈక్వేషన్ పేరు లేకపోతే ‘ప్రెడిక్టెడ్‌లో ఇంత శాతం’ అన్న మాటకు అర్థమే లేదు. ఒకే మనిషికి ఈక్వేషన్ మారితే ఆ శాతం మారిపోతుంది.

---

లెక్కల_లబ్బీపేట

పైన చెప్పినవాటికి స్టాటిస్టిక్స్ వైపు నుంచి కొన్ని కలుపుతున్నాను.

ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) అవుట్‌పుట్‌లో పీ విలువ 0.000 అని కనిపించేది సున్నా కాదు, మూడు దశాంశాలకు కుదించిన రూపం. పేపర్‌లో పీ < 0.001 అని రాయాలి. ‘నాట్ సిగ్నిఫికెంట్’ అని వదిలేయకుండా అసలు విలువ ఇవ్వండి.

పనిచేసిన సంవత్సరాల్లాంటి వాటికి మీన్ (సగటు), ఎస్‌డీ (సగటు చుట్టూ విలువల చెదురు) పెట్టేముందు ఒక్కసారి తీసివేసి చూడండి. 6.2 ± 5.9 ఏళ్లు అని రాశారనుకోండి. మీన్ నుంచి రెండు ఎస్‌డీలు తీసేస్తే మైనస్ 5.6 ఏళ్లు వస్తుంది. ఎవరూ మైనస్ ఐదేళ్లు మూటలు మోయరు కదా. అంటే ఆ డేటా ఒక పక్కకి ఒరిగి ఉందని అర్థం. అక్కడ మీడియన్ (మధ్య విలువ), ఇంటర్ క్వార్టైల్ రేంజ్ (మధ్య సగం విలువల పరిధి) ఇవ్వాలి, పోల్చడానికి టీ టెస్ట్ బదులు మాన్-విట్నీ పరీక్ష వాడాలి. వాడిన ప్రతి పరీక్ష పేరూ మెథడ్స్‌లో ఉండాలి. మెథడ్స్‌లో ఉండి ఫలితాల్లో కనిపించని పరీక్షలను తీసేయాలి.

ముఖ్యమైన ఫలితానికి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) తప్పనిసరి అనుకోండి. పై ఉదాహరణలో 34.5 శాతానికి 95 శాతం ఇంటర్వెల్ విల్సన్ పద్ధతిలో 27.9 నుంచి 41.7 వరకు వస్తుంది. 177 మందితో చేసిన స్టడీ ఎంత గట్టిగా మాట్లాడగలదో ఆ రెండు అంకెలు చెప్పినట్టు పీ విలువ చెప్పలేదు. ఇంకొకటి, క్రాస్ సెక్షనల్ స్టడీలో ‘మిర్చి ధూళి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి’ అని కంక్లూజన్ రాయకండి. ‘సంబంధం కనిపించింది’ అన్నంత వరకే మన డిజైన్ అనుమతిస్తుంది. పొగ తాగడం, ఇంట్లో కట్టెల పొయ్యి, ఈ రెంటినీ లెక్కలో సర్దుబాటు చేయకపోతే ఆ మాట కూడా బలహీనమే.

---

ఫైళ్లు_బొమ్మలు_మంగళగిరి

బ్లైండింగ్ గురించి చెప్తాను, అందరూ పొరబడేది ఇక్కడే. టైటిల్ పేజీని వేరే ఫైల్‌గా పెట్టడంతో పని అయిపోదు. సంస్థ పేరు ఇంకా నాలుగు చోట్ల దాక్కుని ఉంటుంది. మెథడ్స్‌లో ‘మా ఆసుపత్రి పల్మనాలజీ విభాగం’ అన్న వాక్యం. ఎథిక్స్ అప్రూవల్ నంబర్, చాలాసార్లు కాలేజీ పేరు పొట్టి అక్షరాలు అందులోనే ఉంటాయి. అక్‌నాలెడ్జ్‌మెంట్స్. నాలుగోది వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్: ఆథర్ అన్న చోట మీ పేరో, డీటీపీ చేసిపెట్టిన షాపు పేరో ఉండిపోతుంది. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కితే ఆ వివరాలు తీసేయవచ్చు. దానికి ముందే ట్రాక్ చేంజెస్ అన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లు తుడిచేయండి. గైడ్ గారు పక్కన రాసిన వ్యాఖ్యతో సహా ఫైలు వెళ్లిపోవడం అరుదేమీ కాదు.

మీకు ఇంకో చిక్కు ఉంది. మిర్చి యార్డు అనగానే గుంటూరు అని ఎవరికైనా తెలుస్తుంది. ఊరు దాచడం కోసం సెట్టింగ్ మొత్తం చెరిపేయకండి, స్ట్రోబ్ 5వ అంశం పోతుంది. బ్లైండెడ్ కాపీలో ‘ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పెద్ద మిర్చి యార్డు’ అని ఉంచి, కాలేజీ పేరు మాత్రం తీసేయండి. ఊరి పేరు టైటిల్ పేజీ ఫైల్‌లో ఉంటుంది. అంగీకారం వచ్చాక పేపర్‌లో చేర్చుకోవచ్చు.

బొమ్మల సంగతి. పవర్‌పాయింట్ స్లయిడ్‌ను మామూలుగా చిత్రంగా సేవ్ చేస్తే 1280 × 720 పిక్సెళ్లే వస్తాయి. జర్నల్ ఒక కాలమ్ వెడల్పు సుమారు 8.5 సెంటీమీటర్లు. ఫొటోకి 300 డీపీఐ కావాలంటే ఆ వెడల్పుకి దాదాపు 1000 పిక్సెళ్లు చాలు, రెండు కాలమ్‌లకు 2000 కావాలి. అందుకే పేజీ అంతా పరుచుకునే బొమ్మకు స్లయిడ్ సేవింగ్ చాలదు. గీతలు, అక్షరాలు ఉండే ఫ్లో చార్టుకి 600 నుంచి 1200 డీపీఐ అడిగే జర్నళ్లు ఉన్నాయి. ఫొటో ఎడిటర్‌లో డీపీఐ గడిలో 300 అని టైప్ చేసి పెంచితే మసక అలాగే ఉంటుంది, ఫైలు మాత్రం బరువెక్కుతుంది. గ్రాఫ్ గీసిన సాఫ్ట్‌వేర్ నుంచే పెద్ద సైజులో టిఫ్‌గానో పీడీఎఫ్‌గానో మళ్లీ తీయాలి. త్రీడీ బార్లు, బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి. టేబుళ్లను వర్డ్ టేబుల్‌గానే పెట్టాలి, స్క్రీన్‌షాట్‌గానో స్పేస్ బార్‌తో జరిపిన అక్షరాలుగానో వద్దు.

---

రిఫరెన్సు_డెస్క్_బ్రాడీపేట

రచయితల ప్రశ్నకు ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) చెప్పే నాలుగు షరతులే జవాబు: ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి భాగం ఉండాలి, డ్రాఫ్ట్ రాయడమో, లోతుగా సరిదిద్దడమో చేసి ఉండాలి, చివరి రూపానికి ఒప్పుకోవాలి, మొత్తం పనికి జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి, ఒకటి తగ్గినా కుదరదు. విభాగాధిపతి కావడం ఒక్కటే అర్హత కాదు. హెచ్‌ఓడీ గారు ప్రొటోకాల్ దిద్ది, డ్రాఫ్ట్ చదివి మార్పులు చెప్పి ఉంటే ఆయన రచయితే. లేదంటే అక్‌నాలెడ్జ్‌మెంట్. ఆయన దగ్గర ఈ మాట చెప్పడం మీకు కష్టమని తెలుసు. జర్నల్ అడిగే కాంట్రిబ్యూషన్ ఫారం ముందే ప్రింట్ తీసి, ‘సర్, మీ పేరు ఎదురుగా ఏం రాయమంటారు’ అని అడగండి. మాట పెరగకుండా ఫారమే విషయం తేలుస్తుంది. స్టాటిస్టిషియన్ గారు డిజైన్ నుంచి ఉండి, డ్రాఫ్టు కూడా దిద్ది ఉంటే రచయిత, చివర టెస్టులు నడిపి ఇచ్చినంత వరకే అయితే కృతజ్ఞతలు. కృతజ్ఞతల్లో పేరు పెట్టడానికి కూడా వాళ్ల రాతపూర్వక అనుమతి తీసుకోండి.

వ్యాంకోవర్‌లో నంబర్లు వచన క్రమంలో నడుస్తాయి. టేబుల్‌లో మాత్రమే ఉన్న రెఫరెన్సుకి, వచనంలో ఆ టేబుల్ పేరు మొదటిసారి వచ్చిన చోటు నుంచి నంబర్ ఇవ్వాలి. చేత్తో నంబర్లు వేసినవాళ్లకు 14 తర్వాత 22, మళ్లీ 15 వచ్చేది ఇందువల్లే. ఆరుగురు రచయితల వరకు రాసి ‘ఎట్ ఆల్’ అనాలా, ముగ్గురితో ఆపాలా అన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది, వాళ్ల సూచనలు చూడండి. జర్నల్ పేరు పొట్టి రూపం ఊహించకండి, ఎన్‌ఎల్‌ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగ్‌లో ఉన్నదే రాయాలి. జొటెరో (రెఫరెన్సులు పెట్టే సాఫ్ట్‌వేర్) వాడితే చివర ఒక కాపీ తీసుకుని అందులో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి పంపండి. అసలు ఫైల్ లింకులతోనే ఉండాలి, రివిజన్‌లో రెఫరెన్సులు మారకుండా ఉండవు. ప్రతి రెఫరెన్సుకీ డీఓఐ గానీ పీఎంఐడీ గానీ (పేపర్‌ను ఆన్‌లైన్‌లో గుర్తించే నంబర్లు) తెరిచి చూడండి. ఏఐ టూల్స్ ఇచ్చిన జాబితాల్లో లేని పేపర్లు ఉంటాయి. భాష దిద్దడానికి ఏఐ వాడితే ఆ సంగతి పేపర్‌లో చెప్పాలి, దాన్ని రచయితగా పెట్టకూడదు.

ఎథిక్స్ వాక్యంలో కమిటీ అనుమతి తేదీ మొదటి వ్యక్తిని చేర్చుకున్న తేదీకి ముందు ఉండాలి. యార్డు కూలీల్లో చదవడం రానివాళ్లు ఉంటారు కాబట్టి సమ్మతి ఎలా తీసుకున్నారో ఒక్క వాక్యం చేర్చండి: తెలుగు పత్రం చదివి వినిపించి, నిష్పాక్షిక సాక్షి ఎదుట వేలిముద్ర వేయించుకున్నట్టు. నిజంగా అలా చేసి ఉంటేనే సుమా.

---

గుంటూరు_పల్మో_పీజీ

అందరికీ చాలా థాంక్స్ అండీ. అబ్‌స్ట్రాక్ట్‌లో ఎర్ర సున్నాలు చుడితే మూడు అంకెలకు గడి దొరకలేదు. మూడూ మొదట చేర్చుకున్న మొత్తంతో భాగించినవే. ఇంకొక్క ప్రశ్న: సిమిలారిటీ రిపోర్టులో నా తీసిస్‌తోనే ఎక్కువ పోలిక వస్తోంది. ఇది ప్లేజియరిజం కింద పడుతుందా?

---

బెజవాడ_ఎస్‌పీఎం

తీసిస్ నుంచి వచ్చిన పేపర్‌ను చాలా జర్నళ్లు ముందే ప్రచురించినట్టు లెక్కించవు, కానీ దాచకూడదు. కవరింగ్ లెటర్‌లో ‘ఇది ఎండీ తీసిస్‌లో భాగం, వేరే జర్నల్‌కి పంపలేదు’ అని రాయండి. ఏ విశ్వవిద్యాలయం తీసిస్ అన్నది టైటిల్ పేజీలో కూడా ఒక వాక్యం వేయండి. సిమిలారిటీ శాతం ఒక్కటే చూడకండి, ఎక్కడ కలిసిందో చూడండి. మెథడ్స్‌లో స్పైరోమెట్రీ విధానం కొంత పోలినా తిప్పలు తక్కువ. డిస్కషన్‌లో ఎవరిదో పేరా యథాతథంగా ఉంటే రెండు శాతమైనా తప్పే, దాన్ని మీ మాటల్లో తిరగరాసి మూలాన్ని చూపించండి. ఆ మూడు శాతాలు సరిచేశాక వాటి పక్కనున్న ఇంటర్వెల్, పీ విలువలు కూడా మళ్లీ లెక్కించి చూడండి. హారం మారితే అవి కూడా మారతాయి.