చార్జర్ పెడితే కర్సర్ వణుకుతోంది, టైప్ చేస్తే ఎగిరిపోతోంది

కావలి టీచర్:
నెల కిందట 11.6 అంగుళాల చిన్న ల్యాప్‌టాప్ కొన్నాను, పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రాలు టైప్ చేసుకోవడానికి. కొడుతూ ఉండగానే కర్సర్ పై లైన్లోకి వెళ్లిపోతోంది. నిన్న ‘కోవూరు’ అని కొడితే ‘క’ ఇక్కడ పడింది, ఓత్వం మూడు లైన్ల పైన చుక్కల సున్నా మీద కూర్చుంది. అది ఎక్కడ దూరిందో వెతకడానికే పది నిమిషాలు. ఒక్కోసారి టచ్‌ప్యాడ్ మీద వేలు ఆనించగానే బాణం గుర్తు గజగజ వణుకుతుంది. షాపులో అడిగితే ‘వాడగా వాడగా అలవాటవుతుంది మేడమ్’ అన్నారు. సోమవారానికి పేపర్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు డీటీపీ:
అక్కా, ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఎగరడం అరచేతి వల్ల. చిన్న మెషీన్లో చెయ్యి ఆనించుకునే చోటు తక్కువ కదా, బొటనవేలి మొదట్లో ఉండే కండ టచ్‌ప్యాడ్‌కు తగులుతుంది. అది క్లిక్ అనుకుని, బాణం ఎక్కడుంటే కర్సర్‌ను అక్కడికి తీసుకుపోతుంది. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో టచ్‌ప్యాడ్. ట్యాప్స్ దగ్గర సెన్సిటివిటీ ‘లో’ పెట్టండి, ఒక వేలితో తడితే క్లిక్ అయ్యే టిక్కు తీసేయండి. పెళ్లి కార్డులు కొట్టేటప్పుడు నేను మౌస్ పెట్టుకుంటాను. మౌస్ ఉన్నా టచ్‌ప్యాడ్ పనిచేయాలనే టిక్కు ఆ పేజీలోనే ఉంటుంది, అదీ తీసేశాను.

గూడూరు:
టచ్‌ప్యాడ్ మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉందేమో గోటితో గీకి చూడండి. మా అబ్బాయి దాన్ని తీయకుండా పది రోజులు వాడాడు.

మార్కాపురం ఎలక్ట్రీషియన్:
వణుకు చార్జర్ పెట్టినప్పుడేనా మేడమ్? తీసినా ఉందా? ల్యాప్‌టాప్ బాడీ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుందా?

కావలి టీచర్:
ఇప్పుడే తీసి చూశాను. చార్జర్ లేకపోతే వణుకు లేదు! మాది లోహం బాడీనే. పెట్టినప్పుడు మణికట్టు దగ్గర చీమ పాకినట్టుంటుంది, నా చేతి తిమ్మిరేమో అనుకున్నాను.

మార్కాపురం ఎలక్ట్రీషియన్:
అయితే ఎర్త్ అందడం లేదు. వేలు ఆనినప్పుడు కెపాసిటెన్స్‌లో, అంటే విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణంలో, వచ్చే మార్పును టచ్‌ప్యాడ్ కొలుస్తుంది. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొంచెం కరెంటు బాడీకి వస్తుంది. ఎర్త్ ఉంటే దిగిపోతుంది, లేకపోతే బాడీలోనే ఉండి ఆ కొలతను చెడగొడుతుంది. టెస్టర్ ఆనిస్తే లైటు కూడా వెలగొచ్చు. మీరు వాడేది ఎక్స్‌టెన్షన్ బాక్సా? పైకి మూడు రంధ్రాలుండి లోపల రెండే వైర్లున్న బాక్సులు నేను చాలా విప్పాను. మీరు విప్పొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి. రెండు పిన్నుల చార్జర్ అయితే మాత్రం ఎర్త్‌కు దారే ఉండదు, బ్యాటరీ మీద టైప్ చేసుకోవడమే.

ఉదయగిరి:
చార్జర్ తీసినా కర్సర్ తిరిగేవాళ్లు ఇంకోటి చూడండి. మాది సెకండ్ హ్యాండ్. టచ్‌ప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) మూడుసార్లు మార్చాను. చివరికి బల్ల మీద పెట్టి పక్కనుంచి చూస్తే టచ్‌ప్యాడ్ ఒకవైపు ఉబ్బి ఉంది, కింద బ్యాటరీ పొంగింది. అలా కనిపిస్తే వెంటనే చార్జింగ్ ఆపండి, గట్టిగా నొక్కకండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది. మీది కొత్తది కాబట్టి ఆ భయం తక్కువే గానీ, ఇది చదివేవాళ్లలో పాతది వాడేవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

కావలి టీచర్:
మా వీధి ఎలక్ట్రీషియన్ బాక్సు విప్పాడు. నిజంగానే ఎర్త్‌కు వెళ్లే ఆకుపచ్చ వైరు లేదు! మూడు వైర్ల కేబుల్ వేశాడు. చీమ పాకడం పోయింది, వణుకూ పోయింది. ఒంగోలు తమ్ముడు చెప్పిన టిక్కులు రెండూ తీశాను. చార్జర్ పెట్టే ‘కోవూరు’ నాలుగుసార్లు కొట్టి చూశాను, ఓత్వం నాలుగుసార్లూ ‘క’ మీదే పడింది. పద్నాలుగో ప్రశ్న దాకా వచ్చాను, పేపర్ ఈ రాత్రికి అయిపోతుంది.