రెండున్నరేళ్ళ పాపను ఇంట్లో ఉంచి విదేశానికి: చెప్పి వెళ్ళాలా, నిద్రలో ఉండగా వెళ్ళాలా?

నిజాంపేట అమ్మ
అందరికీ నమస్తే. జూన్‌లో నేనూ మావారూ స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. వాళ్ళ ఆఫీసు వాళ్ళు భార్యాభర్తలిద్దరికీ టికెట్లు ఇచ్చారు, పిల్లలకి లేదు. వీసాలు వచ్చేశాయి. అంతా కలిపి వారం పైనే. మా అత్తయ్యగారు ఉంటారు కాబట్టి పాప గురించి బెంగ లేదు, పగలంతా ఆవిడ దగ్గరే అలవాటు. రాత్రి మాత్రం నా పక్కన పడుకోవాల్సిందే. నా చున్నీ చివర వేలికి చుట్టుకుంటేగానీ నిద్రపోదు. ఫ్లైట్ తెల్లవారుజామున, శంషాబాద్‌కి అర్ధరాత్రే బయల్దేరాలి. పాప నిద్రలో ఉండగానే వెళ్ళిపొమ్మంటారు అత్తయ్య. ముందే చెప్పి వెళ్ళమంటుంది మా అక్క. మీరైతే ఏం చేస్తారు? ఇంకా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ఈసీఐఎల్ శ్రీను
నిద్రలోనే నయం. గేటు దగ్గర ఆ ఏడుపు చూస్తే మీకు కాళ్ళు రావు.

మల్లెతీగ
ఎట్ల పోవాలె అని అడుగుతున్నవ్ గానీ, పోవుడు అవసరమా అని ఎవ్వరు అడుగుతలేరు. రెండున్నరేండ్ల బిడ్డకు వారం అంటే ఏం తెలుస్తది? పొద్దున లేచి పక్కల తడుముకుంటది. వంటింట్ల చూస్తది, బాత్రూం తలుపు కొడ్తది. ఆ వయసు పిల్ల కడుపుల ఏమున్నదో నోరు తెరిచి చెప్పలేదు. అన్నం మానేస్తది, లేకుంటె జరం తెచ్చుకుంటది. ఇంకో రెండేండ్లు ఆగితే ఆ కొండలు ఏడికన్న పోతయా?

సాకేత్ వాళ్ళ నాన్న
వెళ్ళండి, తప్పేం లేదు. కానీ దయచేసి చెప్పి వెళ్ళండి. రెండున్నరేళ్ళ పిల్లలకి మాటలు తక్కువ రావచ్చు, అర్థం చేసుకోవడం చాలా ఎక్కువ. సూట్‌కేసు దించిన రోజే వాళ్ళకి తెలిసిపోతుంది. ముందు రెండు మూడు రోజులు రోజూ అదే మాట చెప్పండి: అమ్మా నాన్నా విమానం ఎక్కి వెళ్తారు, నువ్వు నానమ్మ దగ్గర పడుకుంటావు, మేం తిరిగి వస్తాం.

మా ఊరు జగిత్యాల దగ్గర. నాన్న మస్కట్‌లో పని, అమ్మ కూడా వెళ్ళాల్సొచ్చింది. కొట్టుకి వెళ్ళి బిస్కెట్లు తెస్తానని చెప్పి బస్సెక్కింది. అమ్మమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని కొట్టు వైపే చూసేవాణ్ణి. తర్వాత చాలాకాలం అమ్మమ్మ బావి దగ్గరికి వెళ్తానన్నా కొంగు వదిలేవాణ్ణి కాదు.

మల్లెతీగ
చూడు, నువ్వే చెప్తున్నవ్ ఇప్పటికి యాదికున్నదని. మరి ఆ గోస ఈ బిడ్డకెందుకు?

సాకేత్ వాళ్ళ నాన్న
నేను చెప్పింది అది కాదండీ. అమ్మ వెళ్ళినందుకు కాదు, అబద్ధం చెప్పి వెళ్ళినందుకు. రెండూ ఒకటి కాదు.

ఆకుపచ్చ
నేను చదువుకున్న సబ్జెక్టు కాబట్టి చెప్తున్నా. 1950ల్లో లండన్‌లో జాన్ బౌల్బీ, జేమ్స్ రాబర్ట్‌సన్ అనేవాళ్ళు ఆసుపత్రుల్లో అమ్మానాన్నలకు దూరంగా ఉన్న చిన్నపిల్లల్ని గమనించారు. మొదట గట్టిగా ఏడుపు, తర్వాత దిగులుగా ఒక మూలన కూర్చోవడం, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉండటం. పిల్లవాడు సర్దుకున్నాడని అక్కడివాళ్ళు సంబరపడేది ఆ మూడో దశ చూసే. అందుకని "ఒక్కసారి కూడా ఏడవలేదు, బంగారుతల్లి" అని ఫోన్లో ఎవరైనా చెబితే నిశ్చింతగా ఉండిపోకండి.

సాకేత్ వాళ్ళ నాన్న
అదే రాబర్ట్‌సన్ దంపతులు తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలి కదా. అలాంటి చిన్నపిల్లల్ని తమ ఇంట్లోనే పెట్టుకుని చూశారు. ఒకే మనిషి దగ్గరుండటం, ఇంటి నుంచి తెచ్చిన బొమ్మలు, రోజూ అమ్మ ప్రస్తావన. ఆ పిల్లలు చాలా మెరుగ్గా తట్టుకున్నారు. ఈ పాప ఉండేది తన ఇల్లు, తన నానమ్మ దగ్గర. ఆసుపత్రి వార్డుతో పోలికేంటి?

వాన చినుకు
ఇద్దరూ ఒకే ఫ్లైట్‌లో వెళ్ళకండి. మేం పిల్లలు పుట్టినప్పటి నుంచీ వేర్వేరుగానే వెళ్తున్నాం.

ఈసీఐఎల్ శ్రీను
రోజూ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒకే కారులో వెళ్ళట్లేదా? విమానం కంటే అదే ప్రమాదం.

వాన చినుకు
నా మనశ్శాంతి నాది. లెక్కలు చెప్పకండి.

ఈసీఐఎల్ శ్రీను
మీ ఇష్టమండీ, కానీ ఆవిణ్ణి భయపెట్టకండి. అంత భయముంటే ఇద్దరూ చెరో విల్లు రాసుకుంటే సరి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మనకేమైనా అయితే పాపను ఎవరు చూసుకోవాలో విల్లులో రాయొచ్చు. నానమ్మయినా అమ్మమ్మయినా చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకురాలు అయిపోదు.

డ్యూటీ నర్సు
పిల్లల వార్డులో పనిచేస్తాను. ఈ వాదనలు మీరు తేల్చుకోండి, నేను మందుల సంగతి చెప్తా. జూన్ అంటే వానలు మొదలు, జ్వరాలు వస్తాయి.

పారాసెటమాల్ ఇంట్లో రెండు మూడు రకాలు ఉంటుంది, గొడవంతా అక్కడే. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 12 కిలోల పాపకి 180. మిల్లీలీటరుకి 100 ఉండే డ్రాప్స్ అయితే అది 1.8 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే 3.6. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని డ్రాప్స్ పోస్తే డోసు రెట్టింపవుతుంది. రాత్రి రెండింటికి కళ్ళజోడు లేకుండా సీసా మీద అక్షరాలు చదవమంటే పెద్దావిడ ఏం చేస్తుంది? పాపను తూచి, డాక్టరు చేత రాయించి, ఒకే ఒక్క సీసా బయట ఉంచండి. మిగతావి బీరువాలో పెట్టి తాళం వేయండి. ఎంత పోయాలో సిరంజి మీద స్కెచ్‌పెన్నుతో గీత గీయండి. డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు.

ఇంకొకటి. మీ వీసా కోసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకునే ఉంటారు. పాప హెల్త్ కార్డు ఏ డ్రాయర్‌లో ఉందో అత్తయ్యగారికి తెలుసా? క్యాష్‌లెస్‌కి ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది, కాబట్టి మన నంబరుకి రోమింగ్ వేయించుకుని వెళ్ళండి. చికిత్సకి మా తరఫున ఫలానావారు అంగీకారం ఇవ్వొచ్చని ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం, మీ ఆధార్ జెరాక్సులు, టీకాల కార్డు ఒకే కవర్లో పెట్టండి. ప్రాణం మీదికి వస్తే ఏ ఆసుపత్రీ కాగితాల కోసం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయినా ఆ కాగితం ఉంటే పెద్దవాళ్ళకి ధైర్యం.

మల్లెతీగ
సీసాలు, విల్లులు, కవర్లు. ఇన్ని తిప్పలు పడి పోవాల్నా? ఇంట్ల ఉంటే ఇవన్ని ఎందుకు?

సాకేత్ వాళ్ళ నాన్న
మీరు మొదట్నుంచీ ఒక్కటే పాట. పిల్ల మనసు అన్నారు, జవాబు చెప్పాం. జ్వరం అన్నారు, నర్సుగారు చెప్పారు. కోడలు నాలుగు రోజులు బయటికి వెళ్తుంటే మీ తరంవాళ్ళు ఓర్చుకోలేరు, అసలు సంగతి అది.

మల్లెతీగ
ఓర్వలేననా? అయితే విను.

నా కొడుకు, కోడలు పోయినేడు గిట్లనే పోయిన్రు. టికెట్లు తీసినంక నాకు చెప్పిన్రు. నా మోకాలు ఆపరేషన్ తారీఖు జరుపుకొమ్మన్నరు, జరుపుకున్న. పిల్లగానికి రాత్రి జరమొస్తే మూడో అంతస్తు నుంచి వాన్ని ఎత్తుకుని దిగిన. మెట్టు మెట్టుకు గోడ పట్టుకున్న. లిఫ్టు నడుస్తలేదు. మా ఆయనకు బీపీ, ఆయన పైన్నే ఉండె. దవాఖానల తల్లిదండ్రులేరి అని గద్దించి అడిగితే ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చినట్టు నిలవడ్డ. వాళ్ళు వచ్చినంక చాక్లెట్లు ఇచ్చిన్రు. బాబు మంచిగున్నడా అని అడిగిన్రు. నువ్వు మంచిగున్నవా అమ్మా అని ఒక్కలు అడగలే.

ఈ అమ్మాయి రాసింది మళ్ళ చదువు. "అత్తయ్యగారు ఉంటారు కాబట్టి బెంగ లేదు" అని రాసింది. ఉంటరా అని అడిగిన అని ఏడ రాసింది?

సాకేత్ వాళ్ళ నాన్న
మీకు జరిగింది చాలా అన్యాయం. అయినా అది వేరే ప్రశ్న. పాపకి చెప్పాలా వద్దా అన్నదానికి నా జవాబు మారదు.

ఆకుపచ్చ
వేరే ప్రశ్న ఎలా అవుతుంది? రాత్రంతా పిల్లను ఎత్తుకుని తిరిగేది ఆవిడే. అలసిపోయిన మనిషి చేతుల్లో ఏ పిల్లా కుదురుగా ఉండదు.

వెన్నెల
అడగాల్సింది ఈవిడ ఒక్కతేనా? ఆవిడ కన్నకొడుకు ఏం చేస్తున్నట్టు? మా ఆయన ఆన్‌సైట్‌కి నెలల తరబడి వెళ్ళాడు, పిల్ల ఏమైపోతుందో అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. నేను రెండు రోజులు వైజాగ్ వెళ్తే మాత్రం అపార్ట్‌మెంట్ మొత్తం అడిగింది.

మల్లెతీగ
అది నిజమే బిడ్డా. నా కొడుకును కూడ అంటున్న నేను.

నిజాంపేట అమ్మ
అన్నీ చదివాను. నిన్న రాత్రి మావారు అత్తయ్య దగ్గర కూర్చుని అడిగారు, నేనూ ఉన్నాను. పగలు పర్వాలేదు, రాత్రిళ్ళు భయమన్నారు. బాత్రూంలో ఒకసారి కాలు జారిందట, మాకు చెప్పలేదు. నిద్రలో ఉండగా వెళ్ళమన్నది ఎందుకంటే, మేం కారెక్కాక పాపను గేటు దగ్గర నుంచి విడదీసి లోపలికి తీసుకెళ్ళే బలం తనకి లేదని. అది నాకు తట్టనే లేదు.

అక్క బీహెచ్ఈఎల్ నుంచి రోజూ రాత్రికి వచ్చి పడుకుంటానంది. పాపకి అన్నం పెట్టేటప్పుడు చెప్పేసి, నిద్రపోయాకే బయల్దేరతాం. ఈ వారం నుంచే నానమ్మ పక్కన పడుకోబెడుతున్నాం. మనకి రాత్రి ఎనిమిదిన్నరంటే అక్కడ సాయంత్రం ఐదు, ఆ టైముకి వీడియో కాల్. చూసి ఇంకా ఏడిస్తే మానేస్తాం, అత్తయ్య ఎలా చెబితే అలా.

మల్లెతీగ గారూ, మీ మోకాలి ఆపరేషన్ అయిందా?

డ్యూటీ నర్సు
బాత్రూంలో రబ్బరు మ్యాట్ ఈరోజే వేయండి. డోసు రాసిన కాగితం మీ అక్కకి కూడా ఒక కాపీ.

మల్లెతీగ
అయింది తల్లీ, దసరాకు ముందు. పనామె ఉంటే ఆ రోజులకు రెండు పూటల రమ్మని చెప్పు. పైసలు ముందే ఆమె చేతికియ్యి, మీ అత్తకు ఇచ్చి పోకు. అడుగుడు ఆమెకు మొహమాటమైతది.