ఇంటికి కాఫీ గింజలు: ఏవి కొనాలి, వానాకాలంలో ఎలా దాచాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి)
ఇంట్లో ఇద్దరం. పొద్దున ఒక్కసారే, 20 గ్రాముల పొడితో స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ వేసి పాలతో తాగుతాం. ఇన్నాళ్లూ చికోరీ (వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు) కలిపిన పొడి వాడాం. ఈమధ్య చేత్తో తిప్పే గ్రైండర్ కొని, అర కిలో గింజలు తెచ్చాం. మొదటి వారం ఘుమఘుమలాడాయి, మూడో వారానికి చప్పబడ్డాయి. ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండు వేసి స్టవ్ పక్క అలమారలో పెట్టాం. ఫ్రిజ్‌లో పెట్టాల్సిందా? అరకు, పీబెర్రీ, ప్లాంటేషన్ ఏ... వీటిలో ఏది మంచిది? పైగా డికాక్షన్ ఐదు నిమిషాల్లోనే పల్చగా దిగిపోతోంది.

జవాబు 1 (మారేడ్‌పల్లి)
అర కిలో మీకు 25 రోజులు వస్తుంది. తెరిచి రోజూ చేయిపెట్టే ప్యాకెట్‌కి అది చాలా ఎక్కువండీ. పావు కిలో చొప్పున కొనండి. కొనేటప్పుడు ముందు చూడాల్సింది వేయించిన తేదీ. ప్యాక్ చేసిన తేదీ ఒక్కటే ఉంటే అది వేరే లెక్క, ఎప్పుడు వేయించారో అడగండి. వేయించి వారం దాటి, నెల లోపున్నవి తీసుకోండి. మరీ నిన్న వేయించినవైతే లోపలి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోక, నీళ్లు పొడిలోకి సరిగా దిగవు.

పాతవో కాదో ఫిల్టరే చెబుతుంది. తాజా పొడి మీద మొదటి నీళ్లు పడగానే పులిసిన ఇడ్లీ పిండిలా ఉబ్బి బుడగలు వస్తాయి. పాతబడ్డది బురదలా అలాగే కూర్చుంటుంది.

పేర్ల సంగతి: ప్లాంటేషన్ అంటే పండు గుజ్జు తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా రకం కాఫీ గింజ, 'ఏ' గింజ సైజు. చెర్రీ అంటే పండుతోనే ఎండబెట్టింది. పీబెర్రీ అంటే కాయలో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగింది. అంతమాత్రాన రుచి ఎక్కువని కాదు. అరకు అరబికాకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకన్న భౌగోళిక) గుర్తింపు వచ్చింది, నిజంగా మంచి గింజ. కానీ లేత రోస్టు (తక్కువగా వేయించినవి) మాత్రం తీసుకోకండి, పాలల్లో పుల్లగా, పల్చగా తేలుతుంది. మీడియం డార్క్ అడగండి. చిక్కదనం కావాలంటే నాలుగో వంతు రోబస్టా (ఇంకో రకం కాఫీ గింజ) కలిపించుకోండి.

జవాబు 2 (నల్లకుంట)
ఫ్రిజ్ వద్దు. తీసి తెరిచిన ప్రతిసారీ చల్లటి గింజ మీద గాలిలోని తేమ పడుతుంది, పైగా కూరల వాసన పడుతుంది. స్టవ్ పక్కా వద్దు. మన ఎండలకు ఆ అలమార ఎలాగూ వేడెక్కుతుంది, డార్క్ రోస్టు గింజ మీద తేలిన నూనె త్వరగా కనరెక్కుతుంది.

రెండు చిన్న స్టీలు డబ్బాలు, మూత బిగుతుగా ఉండేవి తీసుకోండి. పెద్ద డబ్బాలో సగం గాలే ఉంటుంది. వాడే డబ్బా ఒకటి, రెండోది మొదటిది అయ్యేదాకా తెరవద్దు. వానాకాలంలో కుక్కర్ ఆవిరి పట్టే చోట మూత తీయకండి, కావాల్సిన 20 గ్రాములు తూచుకుని వెంటనే మూసేయండి. పొడి కొట్టి పెట్టుకోవద్దు, పొడి వాసన రెండు మూడు రోజుల్లో పోతుంది.

అర కిలో కొనక తప్పకపోతే 80 గ్రాముల చొప్పున గాలి తీసిన కవర్లలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక రెండు మూడు గంటలు ఆగి, చల్లదనం పూర్తిగా పోయాకే కవరు విప్పాలి. మళ్లీ లోపల పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండీ ఇద్దరికీ. మరి డికాక్షన్ త్వరగా దిగిపోవడం? చికోరీ లేకనా?

జవాబు 1 (మారేడ్‌పల్లి)
సగం అదే. చికోరీ నీటిని పట్టి ఉంచుతుంది, అది లేకపోతే ధార వేగం పెరుగుతుంది. కాబట్టి గ్రైండర్‌ని రెండు క్లిక్కులు సన్నానికి తిప్పండి: బొంబాయి రవ్వ కంటే బాగా సన్నగా, గోధుమపిండి కంటే గరుగ్గా ఉండాలి. పొడిని ప్లంజర్‌తో (ఫిల్టర్‌తో వచ్చే కాడ ఉన్న చిల్లుల బిళ్ల) తేలిగ్గా ఒత్తండి. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగి, 150 మిల్లీలీటర్లు పోయండి. 100 పైచిలుకు డికాక్షన్ 15, 20 నిమిషాల్లో దిగితే సరిపోయినట్టే. అరగంటైనా కదలకపోతే పొడి మరీ మెత్తనైంది, లేదా పై గిన్నె చిల్లులు పూడాయి. ఖాళీ గిన్నెను బల్బు వెలుగుకి పట్టుకుని చూస్తే మూసుకున్నవి కనిపిస్తాయి. చికోరీ మళ్లీ కావాలనిపిస్తే గింజలు పొడి చేశాకే 3 గ్రాములు కలపండి, గ్రైండర్‌లో మాత్రం వేయకండి. తేమకు జిగురై దాని పళ్లకు పట్టేస్తుంది.