భాగాలు మార్చుకునే ఆడియో పరికరాలు: కొన్నవాడికి మేలా, వాయిదాల బేరమా?

తీగలపని:
పదకొండేళ్లుగా హైదరాబాదులో చిన్న ఎత్తున యాంప్లిఫయర్లు తయారుచేసి అమ్ముతున్నాను. కరెంటు అందించే పవర్ సప్లయ్ ఒక బోర్డు, వచ్చిన సిగ్నల్‌ని మొదట అందుకునే ప్రీయాంప్ ఇంకో బోర్డు. స్క్రూలు విప్పి ఏది కావాలంటే అది మార్చుకోవచ్చు. మొన్న ఈ చర్చలోనే ఒకరు దీన్ని, ఈరోజు సగం వస్తువు అమ్మి మిగతాది తర్వాత విడివిడిగా అమ్ముకునే వాయిదాల బేరం అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. స్కాట్లాండులోని లిన్ కంపెనీ సోండెక్ ఎల్‌పీ12 అనే టర్న్‌టేబుల్‌ని, అంటే రికార్డు ప్లేయర్‌ని, 1973 నుంచి చేస్తోంది. 1982లో వల్‌హల్లా పవర్ సప్లయ్ బోర్డు, 1993లో సర్కస్ బేరింగ్ (పళ్లెం తిరిగే ఇరుసు), 2007లో కీల్ సబ్‌చాసిస్ (ఇరుసుని మోసే లోపలి చట్రం), 2020లో కారోసెల్ బేరింగ్ వచ్చాయి. ఆ 2020 బేరింగ్ మొదట్లో కొన్నవాళ్ల టర్న్‌టేబుల్‌లో కూడా కూర్చుంటుంది. డిజైన్ అంటే అదీ. నేను నడుస్తున్నది ఆ బాటలోనే.

గుంటూరు_శ్రోత:
కథ వినడానికి బాగుందండీ. 2016లో ఒక కంపెనీ యాంప్లిఫయర్ కొన్నాను, పేరు అనవసరం. వెనక నాలుగు స్క్రూల రేకు మూత, దాని లోపల ఖాళీ గడి. డిజిటల్ బోర్డు వచ్చే ఏడాది ఇస్తామన్నారు. ఆ గడి కోసమే పదకొండు వేలు ఎక్కువ పెట్టాను. బోర్డు ఇప్పటికీ రాలేదు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తరు.

రికార్డు_పెట్టె:
వేసవిలో వోల్టేజి పడితే మా నాన్నగారి రికార్డు ప్లేయర్ నెమ్మదించేది. పవర్ సప్లయ్ మార్చుకునే వీలుంటే ఆ బాధ ఉండేది కాదు.

తీగలపని:
ఎల్‌పీ12లో అప్పట్లో పెట్టింది సింక్రనస్ మోటారు. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, వోల్టేజిని బట్టి కాదు. వల్‌హల్లా బోర్డు క్రిస్టల్ సాయంతో ఆ ఫ్రీక్వెన్సీని తనే తయారుచేసి మోటారుకి ఇస్తుంది.

రికార్డు_పెట్టె:
నా చెవులతో విన్నాను. పాట సాగిపోయేది.

తీగలపని:
అయితే అది ఇండక్షన్ మోటారు అయ్యుంటుంది. పాత ప్లేయర్లలో మామూలే. అది వోల్టేజి పడితే నెమ్మదిస్తుంది.

నిశ్శబ్దం:
బేరింగూ మార్చి, చాసిసూ మార్చి, మోటారూ మార్చాక అది 1973 నాటి వస్తువేనా?

తూర్పుగాలి:
ఆ ఒక్క బేరింగ్ ధరకి మనకి ఇక్కడ మంచి టర్న్‌టేబులే వస్తుంది.

గుంటూరు_శ్రోత:
మోటారు గొడవ తర్వాత చూసుకోండి. ఇరుసు యాభై ఏళ్లయినా ఇరుసే. చిప్పు అలా కాదు. 2020 అక్టోబరులో జపాన్‌లో ఏకేఎం అనే కంపెనీ ఆడియో చిప్పుల ఫ్యాక్టరీ కాలిపోయింది. ఎన్ని కంపెనీలు తమ డ్యాక్‌లని, అంటే డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే సర్క్యూట్లని, మళ్లీ మొదటినుంచి గీసుకోవాల్సి వచ్చిందో మీకూ తెలుసు. పదేళ్ల తర్వాత ఏ చిప్పు దొరుకుతుందో తెలియకుండా ఏ ధైర్యంతో మాటిస్తారు?

తీగలపని:
నేను చెప్పేదీ అదే కదా! డ్యాక్ విడి బోర్డు మీద ఉంటే ఆ బోర్డు ఒక్కటి గీసుకుంటే చాలు. పెట్టె, ట్రాన్స్‌ఫార్మర్, మిగతావన్నీ ఎక్కడివక్కడే. అన్నీ ఒకే బోర్డు మీద పోసినవాళ్లకే ఎక్కువ పని పడింది. ఎవరో మిమ్మల్ని ముంచితే ఆ కోపం నా మీద తీర్చుకోకండి. ఒకడు దొంగైతే ఊరంతా దొంగలేనా?

గుంటూరు_శ్రోత:
దొంగ అని నేనెప్పుడన్నాను? డబ్బు గురించి కాదండీ నా బాధ. ఇన్నేళ్లూ పాట పెట్టిన ప్రతిసారీ ఆ గడే గుర్తొచ్చింది. మా అమ్మకి ఇష్టమైన తత్వాలు పెట్టినా, ఆ బోర్డు ఉంటే ఇంకా బాగుండేదేమో అనుకుంటూ విన్నాను. ఆవిడ హాయిగా కళ్లు మూసుకుని వినేది, నేను వెనక రేకు మూత వైపు చూసేవాణ్ని. నాకు అమ్మింది సగం వస్తువు. కొన్నరోజునే ఇది పూర్తి అని చెప్పి చేతికివ్వండి. నేనడిగేది అంతే.

తీగలపని:
ఇది ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేను ఖాళీ గడి ఎప్పుడూ వదలను. నా పెట్టెలో ఉన్న ప్రతి బోర్డూ మొదటిరోజే పనిచేస్తుంది. మార్చడమంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడమే. కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలువే. సర్క్యూట్ డయాగ్రం మూతకి లోపలివైపు అంటించి ఇస్తాను, రేపు నేను కొట్టు మూసినా ఇంకో మెకానిక్ చూసుకోగలడు. రాని బోర్డుకి ముందే డబ్బు తీసుకోవడం తప్పు, అందులో మీ పక్షమే. కానీ దాని కోసం విప్పడానికి వీల్లేని పెట్టెలు చెయ్యమంటే చెయ్యను.
మీ గడిలో కనెక్టర్ ఫొటో పెట్టండి. ఏ పిన్ను మీద ఎంత వోల్టేజి ఉందో కొలిచి రాయండి. పిన్నులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త.

గుంటూరు_శ్రోత:
26 పిన్నులు, దుమ్ము పేరుకుపోయి ఉన్నాయి. ఆదివారం తుడిచి కొలుస్తాను. పూర్తి వస్తువే అమ్మాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రికార్డు_పెట్టె:
నాన్నగారి ప్లేయర్‌ని ఇప్పుడే అటక మీంచి దించాను. మోటారు మీది రేకు చీటీ తుప్పు పట్టి చదవడానికి రావట్లేదు. లోపలి రబ్బరు చక్రం మాత్రం అలాగే ఉంది.