తుప్పు తెగులు సోకిన హాలీహాక్‌ను రెండో ఏడు ఉంచాలా, తీసివేయాలా?

తొలిమొగ్గ: నా హాలీహాక్ పూలమొక్క ఆకుల పైన పసుపు మచ్చలు, అడుగున నారింజ రంగు పొక్కులు కనిపిస్తున్నాయి. పూత ముగియవచ్చింది. మొదలు ఉంచి కాడ కోస్తే సరిపోతుందా, వేళ్లతో సహా తీసివేయాలా?

మట్టిచేతులు: వేళ్లతో సహా తీసివేయండి. దీనికి కారణమైన పక్సీనియా మాల్వసియారం అనే శిలీంధ్రం, గోధుమ కాండపు తుప్పు బార్బెర్రీ పొదను ఆశ్రయించినట్లుగా, రెండో జాతి మొక్కను ఆశ్రయించనక్కరలేదు. హాలీహాక్ మీదనో, దాని కుటుంబానికే చెందిన మాల్వా కలుపు మీదనో తన జీవితచక్రమంతా ముగించుకుని, పూత అయ్యాక ఎండిన ఆకుల్లోనూ, మొదట్లోని మొగ్గల్లోనూ దాగి, కొత్త చిగురుతో పాటే మళ్లీ బయటపడుతుంది.

పూలవాకిలి: గంధకం చల్లి చూడకుండానే తీసివేయమనడం సరికాదు. నేను ఏటా చల్లుతున్నాను, మొక్కలు ఏటా పూస్తున్నాయి.

మట్టిచేతులు: శిలీంధ్రం వ్యాపించేది సిద్ధబీజాలనే సన్నని రేణువులతో. గంధకం అవి మొలకెత్తకుండా అడ్డుకుంటుందే తప్ప, ఆకులోకి చొరబడిన శిలీంధ్రాన్ని చంపదు. పొక్కులు కనిపించాక చల్లి ఫలితం ఆశించడం వ్యర్థం. పైగా ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున చల్లితే ఆకులే మాడిపోతాయి.

పూలవాకిలి: పొక్కులు వచ్చాక చల్లుతానని నేను ఎక్కడా అనలేదు. చిగురు వేసినప్పటి నుంచే చల్లుతాను. అడుగు ఆకులను తుంచివేస్తాను, ఉదయం పూట, మొక్క మొదట్లో మాత్రమే నీరు పోస్తాను.

నీడచెట్టు: మొక్కల మధ్య గాలి ఆడేంత ఎడం ఉందా? ఆకుల మీద తడి ఎక్కువసేపు నిలిస్తే ఏ మందూ నిలవదు.

మట్టిచేతులు: నా బాధ కూడా వినండి. మా పక్కింటివారు తెగులు పట్టిన మొక్కలను ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. నేను ఎంత శుభ్రం చేసినా, వాన వెలిసిన కొద్ది వారాలకే నా మొక్కల అడుగు ఆకులు మచ్చలు పడేవి. గాలికి ప్రహరీ అడ్డం కాదు. మీ మొక్కను ఉంచుకోవడం మీ సొంత విషయమని మీరు అనుకుంటున్నారు, కాని దాని ఫలితం అనుభవించేది పక్కవారు.

పూలవాకిలి: పక్కింటివారి మీది కోపాన్ని నా మీద చూపడం అన్యాయం. ఈ తెగులు 1873లో ఇంగ్లండుకు చేరింది. అప్పటి నుంచి ఎందరు ఎన్ని మొక్కలు పీకివేసినా అది పోలేదు. పోని తెగులు కోసం నా మొక్కను ఎందుకు పోగొట్టుకోవాలి?

నీడచెట్టు: విత్తనం దాచుకుని ఏటా కొత్తగా నాటుకోవచ్చు కదా? పోయేదేముంది?

పూలవాకిలి: అక్కడే మీరు నన్ను అర్థం చేసుకోవడం లేదు. మా అమ్మ పెంచిన ముద్దపూల మొక్క అది, నలుపు తిరిగిన ఎరుపు రంగు. హాలీహాక్‌లు తేనెటీగల వల్ల సులభంగా సంకరమవుతాయి కాబట్టి, విత్తనం వేస్తే ఆ రంగు గాని, ఆ ముద్దతనం గాని అలాగే వస్తాయన్న భరోసా లేదు. మొదట్లోని పిలకను వేరుతో సహా తీసి నాటితేనే అదే మొక్క మిగులుతుంది. మీరు హాలీహాక్‌ను కాపాడమంటున్నారు, నేను ఈ మొక్కను కాపాడుకుంటున్నాను.

మట్టిచేతులు: ఈ మాట ముందే చెప్పి ఉంటే గంధకం గురించి ఇంత వాదన ఉండేది కాదు. అయినా తెగులున్న మొదలు నుంచి తీసిన పిలకలో శిలీంధ్రం ఉండవచ్చు. దానిని మిగతా హాలీహాక్‌లకు దూరంగా కుండీలో పెంచి, కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయని తేలేవరకు నేలలో నాటకండి. అంతకు మించి నేను ఒప్పుకోలేను.

తొలిమొగ్గ: నావి విత్తనం నుంచి వచ్చిన ఒంటిరేకు మొక్కలే కాబట్టి తీసివేస్తాను. విత్తనంతో తెగులు వస్తుందా?

మట్టిచేతులు: విత్తనాల చుట్టూ ఉండే ఎండు తొడిమల మీద సిద్ధబీజాలు ఉండవచ్చు. పొట్టంతా ఒలిచి, శుభ్రమైన గింజలు మాత్రమే దాచండి. తీసిన మొక్కలను ఎరువు గుంతలో వేయకండి, దగ్గరలోని మాల్వా కలుపును కూడా పీకండి.

పూలవాకిలి: కుండీలో లోతు ఉండాలి. హాలీహాక్ తల్లివేరు ఇరుకును సహించదు.