శ్రీకాకుళం మీదుగా వెళ్తూ అత్తారింట్లో ఆగకపోతే తప్పా?

కొత్త_అల్లుడు:
పెళ్లయి నాలుగు వారాలు. ఉండేది విశాఖ మద్దిలపాలెంలో. ఈ శని, ఆదివారాలు ఇద్దరం బైక్ మీద బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి, అక్కణ్నుంచి కళింగపట్నం వెళ్లి, రాత్రికి ఆ చుట్టుపక్కలే ఉండి మర్నాడు తిరిగొద్దామనుకుంటున్నాం. ఇద్దరమే బయటికి వెళ్లడం ఇదే మొదలు. అన్నవరం వ్రతానికీ, సింహాచలానికీ పదిమంది వెంట వచ్చారు.

చిక్కేమిటంటే, దారి శ్రీకాకుళం ఊళ్లోంచే. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి మా అత్తగారిల్లు పది నిమిషాలు. ఆగితే భోజనం పెట్టకుండా పంపరు. భోజనం అయ్యేసరికి బాబాయిగారింటివాళ్లు, పక్కింటివాళ్లు అల్లుణ్ని చూడ్డానికి వస్తారు. సముద్రం మీద సూర్యాస్తమయం చూద్దామనుకున్నది పోయినట్టే. ఆగకుండా వెళ్తే, ఆ సంగతి తెలిసిన రోజున నా గతేంటి? సంక్రాంతికి నెల కూడా లేదు, మొదటి పండక్కి ఎలాగూ వెళ్తాం. మా ఆవిణ్ని అడిగితే "నీ ఇష్టం" అంటోంది. ఆ మాటకి అర్థం నాకింకా పట్టుబడలేదు.

రుషికొండ_రైడర్:
ఆగొద్దు. ఇంకో సంగతి, మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. కాబట్టి నువ్వు పోగొట్టుకునేది అస్తమయం కాదు, వెలుతురు. డిసెంబర్‌లో ఐదున్నరకే చీకట్లు ముసురుకుంటాయి.

తెల్లవారకముందే బయల్దేరండి. ఆరుంబావుకి రుషికొండ దగ్గరుంటే సూర్యోదయం దొరుకుతుంది. తొట్లకొండ బౌద్ధారామం వచ్చేటప్పుడు చూడొచ్చు, ఎర్రమట్టి దిబ్బలు మాత్రం వెళ్లేటప్పుడే చూడండి, పొద్దుటి ఎండలో ఆ ఎరుపే వేరు. జాతీయ భూవారసత్వ స్థలం అది, ఫొటోల కోసం దిబ్బలు ఎక్కి తొక్కకండి. భీమిలిలో టిఫిన్. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. తర్వాత చిట్టివలస, తగరపువలస మీదుగా హైవే ఎక్కాలి. అక్కడితో సరదా అయిపోతుంది, ఇక లారీలే. విశాఖ నుంచి శ్రీకాకుళం 110 కిలోమీటర్ల పైమాటే, కళింగపట్నానికి ఇంకో ముప్ఫై లోపు. కొత్తగా వెనక కూర్చునే మనిషికి ఇది తక్కువ దూరం కాదు, గంటకోసారి దిగి నడవాలి. ఆవిడకీ హెల్మెట్ ఉండాల్సిందే. చున్నీ నడుముకి కట్టించు. చైన్‌లో చుట్టుకుంటే ఏమవుతుందో నేను చూశాను.

ఇంత ప్రయాణం మధ్యలో రెండు గంటలు సోఫాలో కూర్చుని వడియాలు తింటే మళ్లీ బండెక్కబుద్ధి కాదు.

సీతమ్మధార_పిన్ని:
వడియాలకేం తక్కువైందిరా అబ్బాయ్? కన్నవాళ్లు. పిల్లనిచ్చి నెల కాలేదు. గడప ముందు నుంచి వెళ్తూ లోపలికి తొంగిచూడకపోతే, "మా అమ్మాయిని మా వీధిలోకి రానివ్వడం లేదు" అనుకుంటారు. నువ్వేమనుకుని వెళ్లావన్నది వాళ్లకి కనిపించదు. అరకిలో మాడుగుల హల్వా పట్టుకెళ్లు, కాఫీ తాగు, గంటలో లేచిరా. సముద్రం ఎక్కడికీ పోదు.

రుషికొండ_రైడర్:
పిన్నిగారూ, కొత్త అల్లుణ్ని గంటలో వదిలిపెట్టిన ఇల్లు ఒక్కటి చెప్పండి.

ఎచ్చెర్ల_బావ:
అనుభవం మీద చెప్తున్నా. మాదీ ఇదే కథ, మాకు పెళ్లయిన కొత్తలో. మా అత్తవారిదీ శ్రీకాకుళమే. చెప్పకుండా వెళ్లిపోయాం. తిరిగొచ్చేటప్పుడు ఆదివారం, దేవుణ్ని చూసి వెళ్దామని అరసవల్లిలో ఆగాం. ఆదివారంనాడు సూర్యనారాయణస్వామి గుళ్లో క్యూ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ క్యూలో మాకు నలుగురి ముందు మా అత్తగారి చెల్లెలు! వెనక్కి తిరిగి మా ఆవిణ్ని చూసింది, నన్ను చూసింది, ఇసక అంటిన మా కాళ్లని చూసింది. ఒక్క మాటా అనలేదు. మేం ఆమదాలవలస రోడ్డు దాటకముందే ఫోనొచ్చింది. "ఏటి, దేవుడికి దారి తెలిసింది గానీ ఇంటికి తెలీలేదా?"

ఆరేళ్లయింది. ఇప్పటికీ ఎక్కడికైనా బయల్దేరితే "దారిలో మేం లేం కదా" అంటుంది మా అత్త. నవ్వుతూనే అంటుంది, అదే బాధ.

నా లెక్క ఇదీ. ఆగినా ఆగకపోయినా, దాచొద్దు. సిక్కోల్లో, అదే మా శ్రీకాకుళంలో, ఏదీ దాగదు.

మర్రిపాలెం_మాస్టారు:
అందరూ ఒకవైపు నుంచే చూస్తున్నారు. ఆగకూడదనే నేనూ అంటాను, కానీ బండి నడిపేవాళ్లు చెప్పిన కారణానికి కాదు. కొత్త అల్లుడు పిలిస్తే వెళ్లేవాడు. మొదటి పండక్కి మామగారు వచ్చి పిలవాలి, బట్టలు పెట్టాలి, వాళ్ల ముచ్చట్లు వాళ్లకుంటాయి. ఇలా మట్టికాళ్లతో మధ్యాహ్నం పూట తలుపు కొడితే ఆ ఇల్లాలి పరిస్థితి ఆలోచించారా? ఇంట్లో చారూ, ఆవకాయా ఉన్న రోజు కావచ్చు. అల్లుడికి అవి వడ్డించలేదు, అప్పటికప్పుడు ఇంకోటి చెయ్యలేదు. ఆయన చొక్కా వేసుకుని బజారుకి పరిగెత్తుతాడు. పిల్ల తండ్రికి మీరిచ్చే మర్యాద ఇదా? సంక్రాంతికి వెళ్తున్నారుగా. అప్పుడు నిండుగా వెళ్లండి.

సీతమ్మధార_పిన్ని:
మాస్టారూ, ఆవకాయ వేసి పెడితే తినని అల్లుడు అల్లుడే కాదు. ఇంకా బట్టలు, పిలుపులు అంటూ కూర్చుంటే పిల్లలు పుట్టింటికి వెళ్లడానికి ముహూర్తాలు పెట్టుకోవాలి.

మర్రిపాలెం_మాస్టారు:
అల్లుడు తింటాడమ్మా. పెట్టేవాళ్ల చెయ్యి ఆడదు. మా పెద్దమ్మాయి అలా వచ్చినరోజు మా ఆవిడ పడ్డ హైరానా నాకు తెలుసు. వాళ్లు వెళ్లాక రాత్రంతా "అప్పడాలైనా వేయించలేదు" అంటూనే ఉంది.

సిక్కోలు_పిల్ల:
మాది శ్రీకాకుళం, ఇచ్చింది గాజువాక. ఆ "నీ ఇష్టం"కి అర్థం నేను చెప్తా. ఆగుదామంటే మీరు ముఖం మాడ్చుకుంటారేమోనని, వద్దంటే పుట్టింటి మీద ప్రేమ లేదనుకుంటారేమోనని. రెండూ భయమే.

పెళ్లయ్యాక పుట్టింటికి గంట కోసం వెళ్లడం ఎలా ఉంటుందో మగవాళ్లకి తెలీదు. అమ్మ వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి "అక్కడెలా ఉన్నారే?" అంటుంది. దానికి జవాబు చెప్పడం మొదలుపెట్టేలోపు హాల్లోంచి "బయల్దేరదామా" అని వినిపిస్తుంది. మళ్లీ వీధి మలుపు దాకా ఏడుపు. నేనైతే ఆగను. వెళ్తే రెండు రోజులు ఉండేలా వెళ్తా.

మీరు చెయ్యాల్సింది ఒకటే. బయల్దేరేముందు మీ అత్తగారికి ఫోన్ చెయ్యండి. మీరే చెయ్యాలి, మీ ఆవిడ కాదు. తను చేస్తే "ఆయన రానన్నారు" అన్నట్టుంటుంది. ఇంకోటి, మీ అమ్మగారికీ ముందే చెప్పండి. తర్వాత "వియ్యాలవారికి తెలుసు, మాకు తెలీదు" అన్న గొడవ వస్తే అది శ్రీకాకుళం గొడవ కన్నా పెద్దది.

రుషికొండ_రైడర్:
ఇది సబబుగా ఉంది. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగకండి, చూడ్డానికి ప్రశాంతంగా ఉన్నా లోపలికి లాగేస్తుంది. టైముంటే శాలిహుండం కొండెక్కండి, పైనుంచి నది కనిపిస్తుంది.

కొత్త_అల్లుడు (సోమవారం):
వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్పాలి.

శుక్రవారం రాత్రి మా అమ్మకి చెప్పాను, అత్తగారికి నేనే ఫోన్ చేశాను. "అయ్యో, ఆగక్కర్లేదు బాబూ, జాగ్రత్తగా వెళ్లి రండి" అన్నారు. ఇంత తేలిగ్గానా అనుకున్నాను. మర్నాడు పదకొండు దాటాక ఏడు రోడ్ల జంక్షన్‌కి వచ్చేసరికి, ఒక మందుల షాపు నీడలో మా మామగారు. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు కారియర్, పైన తువ్వాలు ముడి. ఇంటికి రమ్మనలేదు. "శనివారం కదా, పులిహోర, గారెలు" అన్నారంతే. కూతురి హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని ఆయనే బిగించారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా ఆవిడ శ్రీకూర్మం వచ్చేదాకా మాట్లాడలేదు, తర్వాత అక్కడి గుళ్లో తాబేళ్లని చూసి మామూలైంది. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర కూర్చుని తిన్నాం. పెరుగన్నం గిన్నెలో దానిమ్మ గింజలు కూడా ఉన్నాయి.

పిన్నిగారు ఆగినట్టే లెక్క అంటారు, మాస్టారు ఆగనట్టే అంటారు. మీరే తేల్చుకోండి.

కారియర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ అరిసెలు పెడతానంటోంది, సంక్రాంతికి అరిసెలు వాళ్లింట్లోనూ ఉంటాయి కదా అని మా ఆవిడంటోంది. నన్నడిగితే "మీ ఇష్టం" అన్నాను.

సీతమ్మధార_పిన్ని:
హల్వా అని ఆరోజే చెప్పాను.